రెండు పెట్టెల ఆంప్లిఫయర్

మైకుసెట్టు వాళ్ళకి ఒక రోగం ఉంటుంది. సౌండు చాల్లేదని ఎవరైనా అన్నారంటే ఇంకో హారను తగిలించేస్తాం. పందిట్లో నాలుగు, వీధి మొగలో రెండు, పక్క వీధివాళ్ళు అలిగితే వాళ్ళ గుమ్మం ముందు ఇంకొకటి. అన్నీ ఒకే తీగ మీద. పూర్ణా మార్కెట్ వెనక సందులో కొట్టు పెట్టుకుని పద్దెనిమిదేళ్ళు నేను చేసింది ఆ పనే. గంగాలమ్మ సంబరాలకీ, పెళ్ళిళ్ళకీ, ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక రోజు విడిచి రోజు జరిగే మీటింగులకీ నా హారన్లే అరిచాయి. నా పేరు అప్పలసూరి. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. పొలం పని చేతకాక పట్నం పారిపోయానని మా నాన్న అందరికీ చెప్పేవాడు, అందులో అబద్ధమేమీ లేదు.

ఇది నా కథ కాదు, జాన్‌బాబు కథ. అయినా నా రోగం గురించి ముందు చెప్పాను. అతని బతుకులో ఒక్కటంటే ఒక్క కోరిక ఉండేది. అది ఆ రోగం వల్లే పోయింది.

జాన్‌బాబు ఓడల రిపేరు యార్డులో పనిచేసేవాడు. ఓడ ఇనుముకి పట్టిన తుప్పుని గాలి సుత్తితో కొట్టే పని. ఓడ పొట్టలో, చీకటి ఇనుప గదుల్లో కూర్చుని ఎనిమిది మంది ఒకేసారి కొడుతుంటే ఎలా ఉంటుందో ఒకసారి అతనికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి తెలుసుకున్నాను. మెట్లు దిగకుండానే క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేశాను. అతను అందులో ఇరవై రెండేళ్ళు ఉన్నాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు, అంతే.

డెబ్బై రెండులో నా ఆంప్లిఫయరొకటి పెళ్ళిపందిట్లో మూగబోతే, ఆ పెళ్ళికి చుట్టపుచూపుగా వచ్చిన జాన్‌బాబు చొక్కా చేతులు మడిచి పది నిమిషాల్లో దాన్ని మాట్లాడించాడు. ఆ పని ఎక్కడ నేర్చుకున్నాడంటే, ఓడల రేడియో గదుల్లో తిరిగే మేస్త్రీల వెనక నిలబడి చూసి నేర్చుకున్నాడట. మర్నాటి నుంచి సాయంత్రం పూట నా కొట్టుకి రావడం మొదలుపెట్టాడు. అతనిది క్రైస్తవుల ఇల్లు, మాది సింహాచలం అప్పన్నకి మొక్కే ఇల్లు. చుట్టరికం ఎక్కడిది? అయినా వారం తిరక్కుండా ఒకరినొకరు బావ అనుకున్నాం.

అతనికి గిట్టని మాట ఒకటుండేది. సుమారుగా. "సుమారుగా రెండు గజాల వైరు కొయ్యి బావ" అన్నానంటే కత్తెర కింద పెట్టేసేవాడు.

"రెండు గజాలా, రెండుంపావా? ఏదో ఒకటి సెప్పు."

నాకు ఒళ్ళు మండేది. అవతల పెళ్ళికొడుకు గుర్రం ఎక్కేశాడు, ఇక్కడ ఈయన టేపు పెట్టి కొలుస్తున్నాడు. తిట్టేవాణ్ణి. నవ్వుకుంటూ కొలిచేవాడు. అతను వేసిన జాయింటు నా సర్వీసులో ఒక్కటీ ఊడలేదు. ఆ మాట అతనితో ఎప్పుడూ అనలేదు, అనాల్సింది.

డెబ్బై ఏడులో చెవులు పోవడం మొదలైంది. ముందు కుక్కర్ విజిల్ పోయింది. తరువాత సైకిల్ బెల్లు పోయింది, పిచ్చుకలు పోయాయి, ఆ తరువాత విమలమ్మ గొంతు పోయింది. విమలమ్మ అతని భార్య. ప్రార్థన చేసినా పక్కవాళ్ళకి వినపడని సన్నటి గొంతు ఆవిడది. "నా మాట ఇనబడకపోతే ఆయనకొచ్చిన నష్టమేటి అన్నయ్యా, ఇనబడినప్పుడు మాత్రం ఇన్నాడా" అనేది నాతో. నవ్వుతూనే అనేది గానీ అన్నాక కొంగుతో మొహం తుడుచుకునేది.

పెద్దాసుపత్రి డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు ముందు పోతాయి, లావు శబ్దాలు చివర్న పోతాయి అని చెప్పాడు. సుత్తి పని మానాలన్నాడు. యార్డువాళ్ళు రెండేళ్ళు తిప్పి, ఆఖరికి స్టోర్సులో వేశారు. అప్పటికే ఆలస్యమైంది. మిగిలినవి కూడా ఏడాదిన్నరకి మించి ఉండవని ఎనభైలో అదే డాక్టరు చెప్పాడు. అప్పటికి జాన్‌బాబుకి బాగా వినపడేవి రెండే రెండు. హార్బరులో ఓడ కూత, నా గొంతు. దేవుడు ఏరి ఏరి ఏం మిగిల్చాడో చూశావా బావ అని నేను వెక్కిరిస్తే పడీ పడీ నవ్వాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, దేవకుమారి. అప్పుడు టైపు నేర్చుకుంటోంది, పద్దెనిమిదేళ్ళది. ఆ ఏడాదే వాల్తేరు రైల్వే క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన బేస్ గిటారుని వీళ్ళ చర్చికి ఇచ్చి వెళ్ళాడు. మామూలు గిటారుకి కుర్రాళ్ళు ఎగబడ్డారు గానీ దీన్ని ఎవరూ ముట్టలేదు. నాలుగే తీగలు, చూస్తే బరువు, పాట దాని మీద పలకదు, అడుగున నిలబడి మోస్తుంది, అంతే. ఎవరికి కావాలి? దేవకుమారి నాకు కావాలంది. ఇంత బరువు మొయ్యగలవా అని నేను అడిగితే నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"నాన్నకి ఇంక ఇనపడేది ఇలాంటి సౌండే మావయ్యా. నా పాట ఎలాగూ ఇనలేడు. ఇదైనా ఇంటాడని."

ఇంటికెళ్ళి సన్యాసమ్మకి, అంటే మా ఆవిడకి చెప్పి ఏడ్చాను.

బేస్ గిటారుకి ఆంప్లిఫయరు లేకపోతే దోమ పాడినట్టుంటుంది. నా మైకుసెట్టుకి కలిపితే హారన్లు గరగరమన్నాయి. హారనుకి లావు శబ్దం చేతకాదు. అందుకని జాన్‌బాబు సొంతంగా ఒకటి తయారుచెయ్యడానికి కూర్చున్నాడు. ముక్కలు చెయ్యడానికి తెచ్చిన పాత ఓడ రేడియో గదిలోంచి వాల్వులు సంపాదించాడు. లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్లవి. ప్లైవుడ్డుతో బీరువాల్లాంటి పెట్టెలు రెండు కట్టి ఒక్కోదాంట్లో పళ్ళెమంత స్పీకరు బిగించాడు. వాల్వులకీ స్పీకర్లకీ మధ్య ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం బజార్లో కొనలేదు. వెంట్రుకంత రాగి తీగ వేల చుట్లు తనే చుట్టాడు, వందకొకసారి గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ. సుత్తి పట్టి పట్టి అతని వేళ్ళ కొసలు మొద్దుబారి ఉండేవి. తీగ తెగినా తెలిసేది కాదు, కళ్ళతో చూసుకోవాల్సిందే. అంతా అయ్యేసరికి ఏడాది పట్టింది.

అప్పుడే నాకు ఓమ్స్ పాఠం, అంటే కరెంటుకి ఒక్కో పెట్టె ఎంత అడ్డు పడుతుందో ఆ లెక్క, చెప్పాడు. రెండు పెట్టెలే ఎందుకు, నా దగ్గర ఇంకో రెండు ఉన్నాయి గదా అని నేను అడగబట్టి.

"నీ హారన్ల లాగ కాదు బావ. హారనుకి దేనికదానికి లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాది. అందుకని ఒక తీగ మీద పది కట్టినా లైను తట్టుకుంటాది. దీనికి అలగ నేదు. ఈ పెట్టె ఒక్కోటి పదహారు ఓమ్స్. రెండు పక్కపక్కన కలిపితే ఎనిమిది. నాను సుట్టింది ఎనిమిదికి. ఇంకో పెట్టె తగిలించేకొద్దీ ఓమ్స్ పెరగవు, తగ్గిపోతాయి. తగ్గేకొద్దీ ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పడతాది. నువ్వు రైతుబిడ్డవి గదా, ఒక జత ఎడ్లకి మూడు బళ్ళు కడతావేటి?"

"కట్టను."

"అదే మరి. పెట్టెలు నేకుండా ఆన్ చెయ్యకూడదు, రెండుకి మించి కలపకూడదు. గేపకం ఎట్టుకో."

జ్ఞాపకం పెట్టుకున్నాను. నిజంగానే పెట్టుకున్నాను, మర్చిపోయానని ఇప్పుడు తప్పించుకోను.

ఆంప్లిఫయరు పూర్తయింది గానీ జాన్‌బాబు ఇంట్లో మోగించనివ్వలేదు. నవంబరులో వాళ్ళ చర్చిలో కోత పండగ ఉంటుంది. ఎవరి చెట్టుకి కాసింది, ఎవరి కోడి పెట్టింది, తొలి ఫలం తెచ్చి ముందు దేవుడి దగ్గర పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, గుడ్లు, పుట్టెడు వస్తాయి. జాన్‌బాబుకి పెరడు లేదు, కోడి లేదు. నా తొలిపంట ఇదే, దీని మొదటి శబ్దం దేవుడి దగ్గరే రావాలి అన్నాడు. మరి బాగుందో లేదో ఎలా తెలిసిందంటే, హీటరు తీగని ఎనిమిది ఓమ్స్ వచ్చేలా కొలిచి తెగ్గొట్టాడు. దాన్ని బకెట్టు నీళ్ళలో ముంచి, పెట్టెల బదులు ఆంప్లిఫయరుకి తగిలించి మీటరుతో చూసుకున్నాడు. గంట సేపటికి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. శబ్దం మాత్రం ఒక్క పిసరు బయటికి రాలేదు.

విమలమ్మ బతిమాలింది. నా గొంతుతో చెప్పమంది, అది అతనికి వినపడుతుంది కాబట్టి. చెప్పాను. "ఒక్కపాలి ఇంటికాడ ఇనీ బావ. డాక్టరేటన్నాడో మర్సిపోనావా? రేపెలాగుంటాదో ఎవుడికి తెలుసు?"

"తొలిపంట ఎంగిలి సేసి దేవుడికి పెడతామేటి బావ" అన్నాడు.

ఎనభై ఒకటి నవంబరు, ఆదివారం పొద్దున. ఆ ఏడు జనం ఎక్కువ వస్తారని పండగ గుడి లోపల కాకుండా బయట ఇసక మైదానంలో తాటాకు పందిరి వేసి పెట్టారు. అదే నన్ను చెడగొట్టింది. గోడల మధ్య అయితే లావు శబ్దం నిలుస్తుంది. ఆరుబయట అది చెదిరిపోతుంది, వందల పందిళ్ళలో హారన్లు కట్టినవాణ్ణి, నాకు తెలుసు. జాన్‌బాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. "ఆంప్లిఫయరు దగ్గర నువ్వుండు బావ, ఇంకెవులినీ ముట్టనియ్యకు" అని నాకు అప్పజెప్పి వెళ్ళాడు. నేను అతని వంక చూశాను. మెడ ముందుకి చాచి, ఇప్పటి నుంచే వింటున్నట్టు కూర్చున్నాడు. ఈ రెండు పెట్టెల శబ్దం అక్కడిదాకా అతనికి చేరదనిపించింది. నా మనసు ఊరుకోలేదు. నా బండిలో ఉన్న రెండు పెట్టెలూ దింపి, అతని కంటపడకుండా తాటాకు తడిక అవతల, అతని కుర్చీకి దగ్గరగా పెట్టించి, వెనక నుంచి తీగ లాగి కలిపేశాను. ఒక్క పాటకేమవుతుందిలే అనుకున్నాను. ఎన్ని పండగల్లో ఇలాగే అనుకున్నాను, ఏమీ కాలేదు.

పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించారు. దేవకుమారి ముందు ఒక్కతే మొదలుపెట్టాలి, ఎనిమిది తాళాల తరువాత పాటవాళ్ళు అందుకోవాలి. మొదలుపెట్టింది. పందిరి గుంజలు అదిరాయి. జాన్‌బాబు తల పైకెత్తాడు. అతని మొహం అలా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఏడుపో నవ్వో తెలీదు, పెదాలు మాత్రం తాళం వేస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు. నేను అతన్నే చూస్తున్నాను, చూడాల్సింది వాల్వుల్ని. వాటి లోపలి రేకులు కొలిమిలో ఇనుములా కాలుతున్నాయి. మైనం మాడిన వాసన వచ్చింది. టప్‌మని చప్పుడైంది. పాటవాళ్ళు అందుకోకముందే బేసు పోయింది.

వాళ్ళు ఆగకుండా పాడేశారు. దేవకుమారి గిటారు మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయింది. జాన్‌బాబు లేచి నా వైపు వస్తున్నాడు. అప్పుడు నేను చేసింది చెబుతాను. అతను వచ్చేలోపు నా రెండు పెట్టెల తీగలూ పీకేసి, చుట్టి, టార్పాలిన్ కింద తోసేశాను.

అతను ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి, వేడికి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "నా సుట్టుడే బావ" అన్నాడు. "ఎక్కడో వరస మీద వరస ఎక్కీసింది. నా ఏళ్ళకి తెలీనేదు."

అప్పుడే చెప్పెయ్యొచ్చు. అంతమందిలో సిగ్గేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు అతను రాగి తీగ కోసం మద్రాసుకి ఉత్తరం రాస్తూ కనిపించాడు. మొహం చూసి నోరు రాలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట ఇంకా బరువెక్కింది. నాలాంటి పిరికివాడు అబద్ధమాడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

తీగ వచ్చేసరికి క్రిస్మస్ అయింది. జనవరి ఆఖరుకి కొత్తది చుట్టాడు. మీటరు అన్నీ సరిగ్గా చూపించింది. బకెట్టు నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. ఇక మోగించడమే తరువాయి. మోగించలేదు.

"పాతదానికీ మీటరు ఇలాగే సూపింది గదా" అన్నాడు. "తప్పెక్కడుందో తెలియకుండా ఎలగ? మళ్ళీ కాలిపోతే మా గుంట దేవి మొహం సూడలేను."

విప్పేశాడు. మొత్తం విప్పి, వరస వరసకీ నూనె కాయితం వేసి, మళ్ళీ మొదటి నుంచి చుట్టాడు. తన చేతిలో లేని తప్పుని తన చేతిలో వెతుక్కుంటూ మూడు నెలలు కూర్చున్నాడు. ఆ మూడు నెలల్లోనే మిగిలిన వినికిడి దిగిపోతూ వచ్చింది. ఫిబ్రవరిలో నేను అరవాల్సి వచ్చింది. మార్చిలో విమలమ్మ బడిపిల్లలు రాసే పలక ఒకటి కొని తెచ్చింది. పెట్టెకి చెయ్యి ఆనించి చూడు బావ, తెలుస్తుంది అని ఒకసారి పలక మీద రాశాను. "ఇరవై రెండేళ్ళు సుత్తి పట్టుకున్నాను. సేతికి వణుకు తెలుసు. వణుకు వేరు, సొరం వేరు" అన్నాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఇద్దరం వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాం. రెండోసారి చుట్టడం కూడా అయిపోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ విప్పనా వద్దా అని ఆలోచిస్తున్నాడు. హార్బరులో ఓడ కూసింది. పెద్ద ఓడ, గుమ్మం రెక్క సన్నగా అదిరింది. నేను అటు చూశాను. అతను చూడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద దుమ్ము ఊదుకుంటున్నాడు.

పలక తీసుకున్నాను. ఆ రోజు నేను నీకు తెలియకుండా ఇంకో రెండు పెట్టెలు కలిపాను, నువ్వొచ్చేలోపు పీకేశాను అని రాసి ఇచ్చాను.

చదివాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"ఎన్ని ఓమ్సువి?" అని అడిగాడు.

ఎనిమిది వేళ్ళు చూపించాను. "ఒక్కోటీ?" అన్నాడు. తలూపాను. నేను రాసిన దాని కిందే లెక్క వేశాడు. పదహారువి రెండు, ఎనిమిదివి రెండు. రెండున్నర దాటి మూడుకి లోపల వచ్చింది. ఆ అంకె కింద గీత పెట్టి, దాని వంక చూస్తూ ఊపిరి వదిలాడు.

"ఎనిమిది ఉండాల్సిన కాడ ఇంతే. ఏ ట్రాన్స్‌ఫార్మరైనా పోతాది. అయితే నా సుట్టుడు తప్పు కాదన్నమాట" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. సంతోషం ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

"దేవీ" అని లోపలికి కేకేశాడు. "గిటారు తీసుకురా అమ్మా. ఇంక భయం నేదు."

అరగంటలో అంతా బిగించాడు. రెండు పెట్టెలు. తీగలు నన్నే కలపమన్నాడు, నేను కలిపాక తను మీటరు పెట్టి చూసి తలూపాడు. వాల్వులు వెలిగాయి. విమలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జాన్‌బాబు పెట్టెలకి రెండు బారల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కోత పండగ పాటే వాయించమన్నాడు. ప్రార్థనలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

దేవకుమారి మొదలుపెట్టింది. ఎనిమిది తాళాలూ అయ్యాయి. పాటవాళ్ళు లేరు కాబట్టి తనే సన్నగా పాడుకుంటూ మొదటి చరణంలోకి వెళ్ళింది. ఆంప్లిఫయరు అద్భుతంగా పలికింది. అలాంటి శబ్దం నా సర్వీసులో వినలేదు. అల్మరాలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. పక్కింటివాళ్ళు గుమ్మంలో చేరారు. చరణం అయిపోయి పల్లవి మళ్ళీ వచ్చింది. జాన్‌బాబు కళ్ళు మూసుకునే ఉన్నాడు, కదలకుండా, మెడ ముందుకి చాచి, చిన్నగా నవ్వుతూ.

"ఊఁ, ఇంక మొదలెట్టమ్మా" అన్నాడు.

దేవకుమారి వేళ్ళు ఆగిపోయాయి. వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. తరువాత మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.